మా ఆయన పగలగొట్టిన కిటికీలు

మా ఆయన లెస్టర్ ఎవరింటికి టీకి వెళ్ళినా వాళ్ళ స్నానాలగది కిటికీ అద్దం పగలగొట్టి వచ్చేవాడు. ఆస్ట్రేలియాలోని మా బెండిగో ఊరంతా ఎరిగిన సంగతే ఇది. కేకు తినేవాడు, బాగుందనేవాడు, "చేతులు కడుక్కొస్తా" అని లేచేవాడు. ఆయన లేచాడంటే పిల్లులు సోఫా కింద దూరేవి. కాసేపటికి లోపల ఫెళ్ళున చప్పుడు.

ప్రతిసారీ ఓ కారణం ఉండేది. "ఈగను కొట్టబోయాను." "తువ్వాలు దులిపితే మోచెయ్యి తగిలింది." ఒకసారైతే బయట మ్యాగ్‌పై పిట్ట గుర్రుగా చూసిందట, బెదిరిపోయాడట. ఊరి బస్సును జన్మంతా గీత పడకుండా నడిపిన మనిషి.

"ఆ మోచెయ్యి ఇంట్లో వదిలేసి రారాదూ?" అన్నాను ఒకసారి కార్లో.

"నాతోనే పుట్టింది కదే, ఎక్కడ వదలను?"

ఆ ఏడు పక్కవీధి చెక్క ఇంట్లోకి షోనా అనే అమ్మాయి అద్దెకొచ్చింది. ఆమె కొడుకు ఆర్లో అప్పుడే నిలబడటం నేర్చాడు. స్నానం తొట్టిని ఆనుకునే కిటికీ. వాడు తడికాళ్ళతో లేచి అద్దాన్ని రెండు చేతులతో బాదేవాడు. పాతకాలపు పల్చటి అద్దం. పగిలితే ముక్కలు కత్తులే. మార్చమని షోనా ఇంటి యజమాని కత్‌బర్ట్‌ను బతిమాలింది.

"పాత అద్దం ఉంటే తప్పేం లేదమ్మా. పగిలితే అప్పుడు చూద్దాం," అన్నాడట.

ఈ మాట చెబుతూ షోనా ఏడ్చినంత పని చేసింది. లెస్టర్ అంతా విని, "మమ్మల్ని టీకి ఎప్పుడు పిలుస్తావు?" అన్నాడు.

షోనా ఇంట్లో టీ తాగి ఆయన చేతులు కడుక్కోవడానికి లేస్తే, ఈసారి నేనూ వెనకాలే వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే, మా ఆయన తొట్టిలో దుప్పటి పరిచి, అద్దానికి తువ్వాలు అదిమిపెట్టి, గురి చూసి మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. అద్దం పగిలింది, ఒక్క ముక్కా ఎగరలేదు.

"ఏం చేస్తున్నావు లెస్?"

"ఈగ."

"ఎక్కడ?"

"పోయింది." తర్వాత గొంతు తగ్గించాడు. "తొట్టి పక్కన కొత్తగా బిగిస్తే గట్టి అద్దమే వెయ్యాలి, అది రూలు. అది పగిలినా గులకరాళ్ళలా రాలుతుంది, గుచ్చుకోదు. ఈ పాతది పగిలేదాకానే కత్‌బర్ట్ మాట చెల్లేది."

అప్పుడు వెలిగింది నాకు. ఈయన టీకి వెళ్ళినవన్నీ అద్దె ఇళ్ళే. పసివాళ్ళో, కాలు నిలవని ముసలివాళ్ళో ఉన్న ఇళ్ళే.

కత్‌బర్ట్ ఊగిపోతూ వచ్చాడు. "నువ్వు మనిషివా, వడగళ్ళ వానవా?"

"వయసు మీద పడిందయ్యా," అన్నాడు మా ఆయన దీనంగా.

కొత్త అద్దం బిగించారు. చూద్దామని వెళితే, ఆర్లో తొట్టిలో నిలబడి దాన్ని ప్లాస్టిక్ పడవతో ఎడాపెడా బాదుతున్నాడు. వాడి నడుం పట్టుకున్న షోనా తల తిప్పకుండానే అడిగింది.

"లెస్టర్ బాబాయ్, ఆదివారం ఖాళీయేనా? మా అక్క మిమ్మల్ని టీకి పిలవమంది. వాళ్ళదీ అద్దె ఇల్లే."