విశ్వేశ్వరరావు ఆర్పని డబ్బా

విశ్వేశ్వరరావు ఒకపూట అన్నమైనా మానేస్తాడు గానీ గిటారు యాంప్లిఫయరు మాత్రం ఆర్పడు. పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఫ్యాను ఆర్పుతాడు, లైటు ఆర్పుతాడు, గ్యాసు రెండుసార్లు చూసుకుంటాడు, తాళం వేసి లాగి మరీ చూస్తాడు. లోపల ఆ డబ్బా మాత్రం గోడకు మొహం పెట్టుకుని, ఎర్ర దీపం వెలిగించుకుని, 'స్స్స్' మంటూ రోజంతా కూర్చుంటుంది.

ఇంటి యజమానురాలు చంద్రమ్మకు అది చూస్తే కడుపుమంట. ఆవిడ పట్నం శివారు మదీనాగూడలో పుట్టి, అక్కడే మెట్టి, అక్కడే మూడు గదులు కిరాయికిచ్చిన మనిషి. పట్టపగలు వెలిగే దీపం కంటబడితే చెయ్యి ఊరుకోదు. సొంత మరిది పెళ్లిలో పందిరికి కట్టిన రంగు బల్బులు మధ్యాహ్నం పూట వెలుగుతున్నాయని తీగ పీకేసింది. దాంతో అయ్యగారి మైకు కూడా పోయి, సగం మంత్రాలు పెళ్లికొడుకు ఒక్కడికే వినబడ్డాయి.

"సారూ, మనిషివే లేనప్పుడు గా డబ్బా ఎవలి కోసం? బంద్ జెయ్యరాదు?" అని అడిగింది ఒకనాడు.

"వాల్వులండీ చంద్రమ్మగారూ! పాత రేడియోల్లో ఉండేవి చూడండి, అవే. ఆర్పితే చల్లారతాయి, చల్లారితే పగులుతాయి."

"మా పొయ్యి రోజూ ఆరుతది, రోజూ ముట్టిస్తం. పలిగిందా?"

"పొయ్యి వేరండీ. ఇది సంగీతం."

ఆ సంగీతం సంగతి చంద్రమ్మకు బాగా తెలుసు. ఆదివారం పొద్దున అతను గిటారు మెడలో వేసుకోగానే ఆవిడ పెనిమిటి పెంటయ్యకు ఊళ్లో లేని పనులన్నీ గుర్తొచ్చేవి. రెండేళ్లుగా ఒకటే పాట, అదీ సగం వరకే. విశ్వేశ్వరరావు భార్యకు రాజమండ్రిలో టీచరు ఉద్యోగం. ఆవిడ బదిలీ ఎందుకు పెట్టుకోవడం లేదో వీధిలో అందరికీ అర్థమైంది, అతనికి తప్ప.

రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తారీఖులు తెలియక తికమకపడతాయట. వాటిని సరిచేయడమే అతని పని. "మా పెద్ద కంప్యూటర్ని ఇరవయ్యేళ్లుగా ఒక్కసారి కూడా ఆర్పలేదండీ" అన్నాడు ఇంకోసారి గర్వంగా.

"గందుకే దానికి తారీఖు యాదిల లేదు" అంది చంద్రమ్మ.

ఎండాకాలం కరెంటు కోతలు మొదలయ్యాయి. విశ్వేశ్వరరావు ఎక్కడినుంచో ఒక బ్యాటరీ పెట్టె మోసుకొచ్చాడు. ఇప్పుడిక గాలి ఆడుతుందని పెంటయ్య సంతోషంగా చూడటానికి వెళ్తే, ఫ్యాను ఆగిపోయి ఉంది. విశ్వేశ్వరరావు బనీను పిండితే నీళ్లు కారేలా ఉన్నాడు. డబ్బా మాత్రం 'స్స్స్' మంటోంది.

"ఫ్యానుకు తగిలించుకోరాదు సారూ?"

"ఫ్యానుకు ఆగిపోవడం అలవాటేనండీ. దీనికి అలవాటు లేదు."

పెంటయ్య ఇంటికొచ్చి పెళ్లాంతో, "మంచోడే గని, జర స్క్రూ ఢీలా" అని తేల్చేశాడు.

డబ్బా ఆనుకున్న గోడకు అవతలి గదిలో ఉమాశ్రీ ఉండేది. కాకినాడ పిల్ల. అమెరికా డాక్టర్లు చెప్పే మాటలు చెవుల్లో పెట్టుకుని విని టైపు చేసే కంపెనీలో రాత్రి డ్యూటీ. సాయంత్రం వ్యాను ఎక్కేది, పొద్దున దిగేది. వచ్చిన కొత్తలో పగలు నిద్రపట్టక చిక్కి సగమైపోయింది. పట్టమంటే ఎలా పడుతుంది? ఒకవైపు అపార్ట్‌మెంట్ల కోసం బండలు కొట్టే మిషన్లు, ఇంకోవైపు లారీలు, నడుమ సిలిండర్ బండివాడు. చూడలేక చంద్రమ్మ గసగసాల పాలు కాచి తాగించింది. కొన్నాళ్లకు ఆ పిల్ల కంటినిండా నిద్రపోవడం మొదలెట్టింది. "నా చేతి పాలు తాగితే గుర్రం గూడ నిలబడే కాడ పండుకుంటది" అని చంద్రమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆ వైశాఖంలో పక్కవీధిలో ఎవరింట్లోనో టీవీ పేలింది. చంద్రమ్మకు కంటిమీద కునుకు లేదు. కళ్లు మూస్తే ఆ ఎర్ర దీపం, మంటలు, కాలిపోతున్న మూడు గదులు. నీళ్లు వచ్చినప్పుడు పట్టిపెట్టమని విశ్వేశ్వరరావు ఇచ్చిన తాళంచెవి ఆవిడ దగ్గర ఉండనే ఉంది. అతను వెళ్లగానే తలుపు తీసి, దేవుణ్ణి తలచుకుని, డబ్బా ఆర్పేసింది. సాయంత్రం అతను వచ్చేలోపు మళ్లీ వేసింది. అది 'ధబ్' మని ఒక చప్పుడు చేసి మామూలుగా మూలిగింది. ఇల్లు నిలబడింది, అతనికి తెలియలేదు. ఇక రోజూ అదే పని.

శుక్రవారం పొద్దున డబ్బా ఆర్పి బయటికొస్తే నల్లా దగ్గర ఉమాశ్రీ కనబడింది. కళ్లు చింతనిప్పులు.

"ఏమైంది బిడ్డా? పాలు తాగలేదా?"

"తాగుతూనే ఉన్నానండీ ఆంటీ. ఈ వారమంతా నిద్రే లేదు. నిన్న టైపు చేస్తూ తూలిపడ్డాను. ఈ రాత్రి పరీక్షండీ. పాసైతేనే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేదంటే ఇంటికే." ఆ పిల్ల కళ్లు నులుముకుంది. "గోడలోంచి వాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేదండీ. పక్కన నీళ్ల ట్యాంకు నిండుతోందేమో అనుకునేదాన్ని. ఆ చప్పుడుకే నాకు నిద్రపట్టేది. అది ఆగిపోయింది."

గసగసాల గొప్పంతా ఒక్క నిమిషంలో గంగలో కలిసింది. "నువ్వు పో, పండుకో" అని పిల్లను లోపలికి పంపి, పరుగున వెళ్లి డబ్బా మీట వేసింది. 'టప్' మని ఒక నీలం మెరుపు మెరిసింది. అంతే, ఇక మూలుగు లేదు, ముక్కుడు లేదు.

అతని ఆఫీసుకు ఫోను చేసింది. "సారూ, నేనే బంద్ జేసిన. నాల్గు దినాల సంది జేస్తున్న. ఇయ్యాల డబ్బా సచ్చింది. తిట్టు సారూ, పడుత."

"ఉమాశ్రీ పడుకుందాండీ?" అని అడిగాడు విశ్వేశ్వరరావు.

"నీకు... ఎర్కేనా?"

"మొదటిసారి మర్చిపోయే వదిలేశానండీ. ఆ సాయంత్రం ఆ అమ్మాయి నవ్వుకుంటూ వ్యాను ఎక్కింది. ఏమిటా అని గమనిస్తే, డబ్బా మోగిన రోజే ఆ అమ్మాయికి నిద్ర, ఆర్పిన రోజు లేదు. అప్పుడే దాని మొహం గోడకు తిప్పాను."

"మరి ఆర్పితే వాల్వులు పలుగుతయ్ అంటివి?"

"ఆర్పకపోతేనే తొందరగా అరుగుతాయండీ. కోఠీలో రిపేరువాడు నన్ను చూస్తేనే తిడతాడు."

"గా పిల్లకు చెప్తే ఏం పోయె?"

"మొహమాటపడి వద్దంటుందండీ. మీకు చెబితే మీరు చెప్పేస్తారు." అది నిజమేనని చంద్రమ్మకూ తెలుసు. "నేను కోఠీ వెళ్లి వాల్వు తెస్తాను. వచ్చేదాకా ఎలాగైనా చూడండి" అని పెట్టేశాడు.

మదీనాగూడ ఎక్కడ, కోఠీ ఎక్కడ! బయట బండలు కొట్టే మిషను మొదలైంది. గదిలో పిల్ల అటూ ఇటూ పొర్లుతోంది. చంద్రమ్మ వంటింట్లోకి వెళ్లింది. చాటలో బియ్యం పోసుకుని, ఉమాశ్రీ కిటికీ కింద అరుగు మీద కూర్చుని చెరగడం మొదలెట్టింది. స్స్... స్స్... స్స్... కాసేపటికి లోపల పొర్లడం ఆగింది. చంద్రమ్మ చెయ్యి ఆపలేదు.

మధ్యాహ్నం పెంటయ్య అన్నానికి వచ్చాడు. "ఏందే, పొద్దుగాల సంది గవే బియ్యం చెరుగుతున్నవ్?"

"మెల్లగ! రాళ్లున్నయ్."

పెంటయ్య వంగి చూశాడు. "ఒక్క రాయి గూడ లేదు గదే."

"లేకపోతే తెచ్చి వెయ్యి" అని గుసగుసగా కసిరింది.

మూడు దాటాక విశ్వేశ్వరరావు చెమటలు కక్కుకుంటూ వాల్వు పట్టుకొచ్చాడు. కిటికీ చూశాడు, చాట చూశాడు, విషయం గ్రహించాడు. "ఇప్పుడు వేస్తే ధబ్ మంటుందండీ, లేచిపోతుంది" అని మెల్లగా చెప్పి, వాల్వు జేబులో పెట్టుకుని ఇంకో చాట అందుకున్నాడు. అతను చెరిగితే సగం బియ్యం నేలపాలు, సగం చొక్కాపాలు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. అతని చేతిలో తాళం తప్పకపోవడం చంద్రమ్మ చూడటం అదే మొదలు. నొప్పెట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ పూట అతన్ని కన్నబిడ్డను చూసినట్టు చూసింది.

ఆ రాత్రి ఉమాశ్రీ పరీక్ష పాసైంది, ఉద్యోగమూ నిలబడింది. కానీ అంతకుముందు, సాయంత్రం ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చిందా, అరుగు నిండా బియ్యం, ఆ బియ్యం మధ్య ఇద్దరు పెద్దవాళ్లు.

"హాయిగా పడుకున్నానండీ ఆంటీ! ఆ నీళ్ల ట్యాంకు బాగుచేసినట్టున్నారు."

చంద్రమ్మ నోరు తెరిచింది. విశ్వేశ్వరరావు గబగబా చొక్కా దులుపుకుంటూ అందుకున్నాడు: "అవునండీ. ఈ మధ్య నీళ్లవాళ్లు బాగా పనిచేస్తున్నారు."