పోయినది: నిద్ర

కాలేజీలో పోయిన వస్తువుల గది గుమాస్తాను అందరూ గొడుగుల బాబాయి అంటారు. ఆయన దగ్గరికి చేరేవాటిలో సగం గొడుగులే మరి. ఇరవై రెండేళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి: ఆనవాలు చెప్పనిదే వస్తువు ఇవ్వడు. స్వయానా ప్రిన్సిపాలుగారి కళ్లజోడునే, ఫ్రేము రంగు చెప్పేదాకా సొరుగులోంచి తీయలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుని మురిసిపోతే, "మీకు చాదస్తం ముదిరింది" అని భార్య తేల్చేసింది.

నిరుడు ఆయన గదిని రెండు చేసి, లోపలి సగం కౌన్సెలరమ్మకు ఇచ్చారు. మత్తుమందుల మీద, మానసిక ఆరోగ్యం మీద కాలేజీ అప్పటికే ఊరేగింపు తీసింది, పోస్టర్లు అంటించింది, ప్రతిజ్ఞ చేయించింది. పిల్లలు బుద్ధిగా ప్రతిజ్ఞ చేసి క్యాంటీనుకు పోయారు. కౌన్సెలరమ్మ మాత్రం ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అప్పట్లో ఆమె గది స్టాఫ్‌రూముకు ఎదురుగా ఉండేది. అందులో అడుగుపెట్టినవాళ్ల పేరు మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా తెలిసిపోయేది.

కొత్త గదికి బాబాయి గదిలోంచే దారి. "గొడుగు పోయిందని వస్తే ఎవరు నవ్వుతారమ్మా?" అన్నాడాయన. ఆమె నవ్వింది. బయట తన బోర్డు కూడా పెట్టించుకోలేదు.

రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి ఒకే వారంలో మూడుసార్లు వచ్చింది. మొదట పెన్ను పోయిందంది. తర్వాత స్కార్ఫ్ అంది. ఆనవాలు అడిగితే రెండుసార్లూ నీళ్లు నమిలింది. తనను ఆటపట్టిస్తోందనుకుని బాబాయికి చిర్రెత్తుకొచ్చింది. మూడోసారి తలెత్తకుండానే రిజిస్టరు తెరిచాడు.

"ఇవాళేం పోయిందమ్మా?"

"నిద్ర పోయింది బాబాయ్."

"ఎవరు నిద్రపోయింది?"

"ఎవరూ నిద్రపోలేదు. నా నిద్రే పోయింది."

చెయ్యి అలవాటుకొద్దీ గడిలో 'నిద్ర' అని రాసేసింది. నోరు కూడా అలవాటుకొద్దీ "ఆనవాలు?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఈసారి ఆ పిల్ల తడుముకోలేదు. "పదింటికల్లా వచ్చేది. మాత్ర లేకుండా వచ్చేది. పరీక్షలప్పుడు మెలకువగా ఉండాలని ఫ్రెండ్ ఒక మాత్ర ఇచ్చింది. ఇప్పుడు లేవడానికి ఒకటి, పడుకోవడానికి రెండు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారు" అంది.

బాబాయికీ ఆ ఈడు కూతురుంది. ఒక్క మాట తేడాగా పడితే ఈ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదని భయమేసింది. పేరు రాయాల్సిన గడిని జీవితంలో మొదటిసారి ఖాళీగా వదిలేశాడు.

"ఆనవాలు సరిపోయిందమ్మా. ఇలాంటివి లోపల వెతికిపెడతారు, రా" అని తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ పిల్ల ఒకసారి వెనక్కి చూసి లోపలికి వెళ్లింది. గంటన్నరసేపు బాబాయి టీకి కూడా లేవలేదు.

కౌన్సెలరమ్మ ఆ పిల్లను డాక్టరుకు చూపించింది, ఇంట్లోవాళ్లతో తనే కూర్చుని మాట్లాడింది. చదువు ఆగలేదు. మధ్యలో రెండు వారాలు ఆ పిల్ల కనబడకపోతే బాబాయికి అన్నం సయించలేదు. తర్వాత మళ్లీ వచ్చింది, వారం వారం వస్తూనే ఉంది.

నాలుగు నెలలయ్యాక ఒక ఉదయం రిజిస్టరు అడిగి తీసుకుంది. 'నిద్ర' వరసలో, వస్తువు అందినట్టు సంతకం పెట్టే గడి మీద పెన్ను పెట్టి, "దొరికింది బాబాయ్. వారంలో ఐదు రాత్రులు" అంది.

బాబాయికి కళ్లు చెమర్చాయి. అయినా పద్ధతి పద్ధతే. రిజిస్టరు మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

"మిగతా రెండూ దొరికాక పెడుదువుగాని. సగం వస్తువుకి సంతకం తీసుకోను."

ఆ పిల్ల పకపకా నవ్వి, పెన్ను ఆయన చేతిలో పెట్టి, లోపలి తలుపు తోసుకుని వెళ్లింది.