తోడల్లుళ్ల బండి

ఆయన కట్టుడు పళ్ల సెట్లు తయారుచేస్తాడు. వెంట్రుకవాసి తేడాను కూడా వేలికొసతో పసిగట్టే మనిషి. అందుకే తోడల్లుడితో కలిసి పెద్ద అడ్వెంచర్ బైకు కొన్నప్పుడు, రాళ్లలో ఇసుకలో దాన్ని నడపడం ముందు తనకే పట్టుబడుతుందనుకున్నాడు. తోడల్లుడిది పుస్తకాల కొట్టు. బొజ్జ మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఊరవతల పాడుబడ్డ క్వారీలో ఒకావిడ నేర్పుతుంది. మొదటి ఆదివారం కంకర దారిలో ఈయన మూడుసార్లు పడ్డాడు. తోడల్లుడు మాత్రం బండి మీద లేచి నిలబడి, కూనిరాగం తీస్తూ అవతలి గట్టు దాకా వెళ్లొచ్చాడు.

"ఆయనలా వదులుగా పట్టుకోండి. మీరు హ్యాండిల్ పీక పిసుకుతున్నారు" అందావిడ.

ఇంటికొస్తే భార్య, చెల్లెలు పంపిన వీడియోలో మరిది విన్యాసం చూస్తోంది. మూడోసారి కూడా చూశాక, మీది లేదా అని అడిగింది. ఈయనకు ఒళ్లు మండింది. ఆ వారమంతా పళ్ల సెట్లకు మైనం చెక్కుతున్నా ఆ బొజ్జే కళ్ల ముందు ఆడింది.

రెండో ఆదివారం ఇసుక పాఠం. ఇసుకలో జారకుండా ఉండాలంటే దిగేముందే రెండు చక్రాల్లోనూ గాలి తగ్గించాలి. చెయ్యి నిలకడైనదని ఆ పని ఈయనకే అప్పజెప్పిందావిడ. ఈయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. తగ్గించారా అని అడిగితే తలూపాడు.

తోడల్లుడు బండెక్కి పది గజాలు వెళ్లేసరికి ముందు చక్రం మెలికలు తిరిగింది. భుజం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది. ఈయనకు ముందు కలిగింది సంతోషం. భయం తర్వాత వచ్చింది.

అది అతికేదాకా బండి ఈయనొక్కడిదే. నేర్చుకున్నాడు కూడా. నాలుగో వారం తోడల్లుడు చెయ్యి మెడకు కట్టుకుని వచ్చి, రాయి మీద కూర్చుని చూశాడు.

"అన్నయ్యా, నాకంటే నువ్వే బాగా నడుపుతున్నావు" అన్నాడు.

ఆ మెచ్చుకోలు ఈయన తట్టుకోలేకపోయాడు.

"ఆ రోజు నేను గాలి తగ్గించలేదు. కావాలనే" అన్నాడు, హెల్మెట్ తీయకుండానే.

తోడల్లుడు ఎందుకని అడిగాడు. నువ్వు పడకుండా వెళ్లొచ్చావని చెప్పాడు ఈయన. ఎంత వెతికినా అంతకు మించిన కారణం దొరకలేదు.

"ఇంట్లో చెప్పకు. నీతో మాత్రం కొన్నాళ్లు మాట్లాడలేను" అని లేచి వెళ్లిపోయాడు తోడల్లుడు.

మళ్లీ మాటలు కలవడానికి రెండు నెలలు పట్టింది. భుజం బాగయ్యాక తోడల్లుడు మొదటి ప్రయత్నంలోనే ఇసుక దాటేశాడు. నేర్పే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఈయనకు మళ్లీ ఒళ్లు మండింది. అయినా నడిచి వెళ్లి, బండికి స్టాండు వేయడానికి ఓ చెయ్యి వేశాడు.