తీపి పొగ

జీపు నా పిచ్చి. తుక్కు కొట్టులో ముక్కలైపోవలసిన దాన్ని తెచ్చి, హుకుంపేట దగ్గర మా ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోసే గచ్చు మీద నిలబెట్టి, రెండేళ్ళుగా ఒక్కో భాగమే బాగుచేసుకుంటున్నాను. అది నా రెండో సంసారమని నా భార్య దెప్పేది. ఆ వానాకాలానికి పని హెడర్ దాకా వచ్చింది. ఇంజనుకున్న నాలుగు నోళ్ళ నుంచి పొగను తెచ్చి ఒక్క గొట్టంలో కలిపే నాలుగు పైపుల గుత్తి అది. నా ఇంజనుకు సరిపడేది బజారులో లేదు. ఇంట్లోనే చేస్తానన్నాను. వద్దంటే ఇంకా పట్టుబట్టి చేసే రకం నేను.

హార్డ్‌వేర్ కొట్లో నీళ్ళ గొట్టాలకు వేసే జీఐ బెండులు, అంటే వంపు తిరిగిన పైపులు, దొరికాయి. తెల్లగా మెరుస్తున్నాయి, తుప్పు పట్టవు, ఇంకేం కావాలనుకున్నాను.

పొద్దున్నే మొదలుపెట్టాం. ముసురు పట్టడంతో షెడ్డులోకి మారి, జల్లు కొట్టకుండా టార్పాలిన్లు దించాను. నేను వెల్డింగు చేస్తుంటే నా భార్య పైపులు కదలకుండా పట్టకారుతో పట్టుకుంది. కళ్ళకు నల్లద్దాలు ఇచ్చాను. నాకు పొగ పడదు, దగ్గొస్తుంది. అందుకని తువ్వాలు తడిపి నా ముక్కుకీ నోటికీ కట్టుకున్నాను. ఆమెకు కట్టాలన్న ఆలోచనే రాలేదు. పైగా ఆమె కూర్చున్నది పొగ పోయే వైపు. తెల్లటి పొగలోంచి దూది పింజల్లాంటివి రాలి ఆమె జుట్టు మీద వాలాయి.

"నోరంతా తియ్యగా ఉందేటి?" అంది.

"తాగిన టీ అయ్యుంటుంది. కదపకు," అని కసిరాను.

మూడు పైపులు అతికాయి. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ గరిటె కింద పెట్టేసి గోడకు చేరగిలబడింది. "సలేత్తంది. బేగి దుప్పటి కప్పండి," అంది. రెండు దుప్పట్లూ, వాటి మీద కాఫీ గోనెలూ కప్పినా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. మా కొండల్లో చలిజ్వరమంటే మలేరియాయే. మా నాన్న అలాగే వణికి, మూడో రోజు మాట పడిపోయి, పోయాడు. గచ్చు మీద జీపు ఉంది, పొగ గొట్టం లేకుండా. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. రోడ్డు మీదకు పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చాను. దారి పొడవునా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఊఁ అనడం కాస్త ఆలస్యమైతే చాలు, భుజం పట్టి కుదిపేవాణ్ణి.

ఆసుపత్రిలో వేలు గుచ్చి రక్తం చూశారు. మలేరియా కాదు. సంతోషించాల్సింది పోయి ఇంకా భయమేసింది. తెలిసిన జబ్బయితే మందైనా తెలుసు. డాక్టరమ్మ ఛాతీ విని, ఆక్సిజన్ పెట్టించి, "పొద్దున్నుంచి ఏం పని చేశారు?" అని నన్నడిగింది.

అప్పటికే నాకు ఆ పొగ గుర్తొచ్చింది.

"ఏం లేదండీ, ఇంటి పనే," అన్నాను. నా భార్య చచ్చిపోతుందేమోనని వణుకుతూనే, నా తప్పు బయటపడుతుందేమోనని కూడా వణికాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా భార్య మాస్కు పక్కకు లాగి, "పైపులు అతికించామండి. పొగ తియ్యగా ఉంది," అంది.

"జీఐ పైపులా?" డాక్టరమ్మ గొంతు మారింది. "వాటికి జింకు పూత ఉంటుంది. ఆ పొగ పీలిస్తే అచ్చం మలేరియాలాగే వణికిస్తుంది. చాలామందికి రేపటికి తగ్గుతుంది. ఊపిరి అందకపోతేనే ప్రమాదం." నా వైపు తిరిగింది. "మీరూ అక్కడే ఉన్నారు కదా, మీకేం కాలేదా?"

"నేను తువ్వాలు కట్టుకున్నానండీ."

నా భార్య కళ్ళు మూసుకుంది.

మర్నాటికి జ్వరం దిగింది. అందాకా దుప్పటి పైకీ కిందకీ కదులుతోందా లేదా అని చూస్తూనే కూర్చున్నాను.

ఆ పైపులు తుక్కులో పడేశాను. కొన్నాళ్ళకు పూత లేని నల్ల పైపులు తెచ్చి, వాన వెలిసిన రోజు ఆరుబయట పని పెట్టాను. ఆమెను పిలవలేదు. పిలిచే మొహం లేదు. తనే వచ్చింది. దండెం మీది నా తువ్వాలు తీసి, తడిపి, తన మొహానికి బిగించి కట్టుకుని, పట్టకారు అందుకుని ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, కానీండి," అంది.

నేను ఇంకో తువ్వాలు వెతుక్కోవడానికి లోపలికెళ్ళాను.