బ్రేకమ్మ ఊపిరి

ఆమె కారు నడపడం నేర్పేది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి దగ్గర ప్రత్యేకంగా బిగించిన రెండో బ్రేకు మీద కాలుంచి, "బ్రేకమ్మా, బ్రేకు! నా మొహంలో ఏముంది, రోడ్డు చూడు!" అని అరిచేది. ఆడామగా తేడా లేకుండా అందరినీ అమ్మా అనడం ఆమె అలవాటు. చివరికి ఆ పేరు ఆమెకే అంటుకుంది. చుట్టుపక్కల వీధుల్లో స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది బ్రేకమ్మ చేత తిట్లు తిన్నవాళ్ళే.

భర్తది కళ్ళద్దాల కొట్టు. నోట్లో నాలుక లేని మనిషి. "ఇంట్లో ఇద్దరు మాట్లాడుతుంటే మూడో గొంతెందుకు?" అనేవాడు. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఆయన తల్లి. అత్తాకోడళ్ళకి రేడియో శబ్దం దగ్గర్నుంచి కిటికీ రెక్క దాకా దేని మీదైనా పేచీ వచ్చేది. భోజనం వేళకి ఇద్దరూ మరిచిపోయేవాళ్ళు.

రోజంతా కారు సీట్లో కూర్చుని బ్రేకమ్మకి నడుం పట్టేసేది. డాక్టరు దగ్గరికి వెళ్ళే తీరిక లేదంటూ మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగేది. ఒక ఉదయం పాఠం మధ్యలో కడుపులో కత్తి దిగినట్టయింది. నడుపుతున్నది రిటైరైన లెక్కల మాస్టారు. రెండో గేరు దాటితే ప్రాణం పోతుందన్నట్టు ఉండే మనిషి. ఆమె తలుపుకి ఒరిగిపోయి, "ఆస్పత్రికి పోనివ్వండి. మూడో గేరు వెయ్యండి మాస్టారూ, ఏం కాదు" అంది. ఆయన మూడేం ఖర్మ, నాలుగో గేరు కూడా వేసి తీసుకెళ్ళాడు.

మాత్రల వల్ల కడుపులో పుండు పడి, అది చిల్లుపడింది. వెంటనే ఆపరేషన్ చేశారు. చిల్లు మూసుకుంది గాని, అప్పటికే విషం రక్తంలోకి పాకింది. తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోవడంతో నోట్లోంచి గొంతులోకి పైపు వేసి వెంటిలేటరుకి తగిలించారు.

ఆమెకి తెలివొచ్చేసరికి పైన తెల్లటి కప్పు, చెవి పక్కన మిషను బుస, నోట్లో పైపు. అరుద్దామంటే గొంతు లేదు. చేతులు మంచానికి మెత్తటి గుడ్డతో కట్టి ఉన్నాయి. అప్పుడు ముసుగు కట్టుకున్న ఒక మొహం ముందుకు వంగింది.

"అక్కా, నేను నర్సుని. పైపు లాగేసుకుంటారేమోనని చేతులు కట్టాం, ఏమనుకోకండి. మీరు బాగానే ఉన్నారు. ఇప్పుడు పైపులోంచి కఫం తీస్తాను. కాసేపు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది."

ఉక్కిరిబిక్కిరి అనేది చిన్న మాట. నీళ్ళల్లో తల పట్టి ముంచినట్టయింది. ఆమె కుడికాలు దానంతటదే మంచం చివరి చెక్కని బలంగా తొక్కింది. నర్సమ్మాయి ఠక్కున ఆపేసింది. ఆ కాలి వంక చూసి, "బ్రేకా అక్కా?" అంది. బయట భర్తని అడిగి ఈమె చేసే పనేమిటో తెలుసుకుందట. బ్రేకమ్మ కళ్ళతోనే నవ్వింది. ఆనాటి నుంచి కాలు నొక్కితే ఆపాలని ఇద్దరి మధ్యా ఒప్పందం.

భర్తతో మాత్రం ఏ ఒప్పందమూ కుదరలేదు. ఆమె పెదాలు కదిపితే ఆయన తంటాలు పడి చదివేవాడు. ఆమె 'దుప్పటి తియ్యి' అంటే, "డిప్పకాయా? తలనొప్పా?" అనేవాడు. అందరి చూపూ సరిచేసే మనిషికి పెళ్ళాం పెదాలు ఆననందుకు ఆమె మనసులో తెగ తిట్టుకుంది.

మిషను సాయం కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. "రేపు పైపు తీసేద్దాం" అంది డాక్టరమ్మ. భర్త ఇంటికి పరుగున వెళ్ళి తల్లికి చెప్పాడు. తెల్లారేసరికి జ్వరం మండిపోతోంది. పైపులోంచి చిక్కటి పచ్చని కఫం వస్తోంది. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి కిందంతా తెల్లగా ఉంది. పైపు తీయడం మాట అటుంచి, మిషను సాయం మళ్ళీ పెంచాల్సి వచ్చింది.

ముందు మామూలుగా ఇచ్చే మందు మొదలుపెట్టి, కఫాన్ని ల్యాబుకి పంపారు. అక్కడ క్రిముల్ని పెంచి, ఏ మందుకి చస్తాయో చూస్తారు. ఆ ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ తల్లీకొడుకుల్ని కూర్చోబెట్టింది.

"న్యుమోనియా వచ్చింది. దీన్ని తెచ్చిన క్రిమి మొండిది. మా దగ్గరున్న మందుల్లో చాలావాటికి లొంగడం లేదు."

"ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కదండీ," అన్నాడు భర్త. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరైనా చేతులు కడుక్కోలేదా?"

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "అడగాల్సిన మాటే అడిగారు. చేతులు కడుక్కుంటాం, తలవైపు ఎత్తుగా ఉంచుతాం, నోరు శుభ్రం చేస్తాం. దాంతో చాలామందిని కాపాడుకుంటాం. కానీ పైపు ఉన్నన్నాళ్ళూ క్రిములకి దారి తెరిచే ఉంటుంది. అందులోనూ ఇక్కడ తిరిగే క్రిములు మందులు చూసి చూసి రాటుదేలినవి. ల్యాబులో ఒక పాత మందుకి మాత్రం చచ్చాయి. కిడ్నీల మీద దెబ్బ వేస్తుందని చాలాకాలం పక్కన పెట్టిన మందు. రోజూ రక్తం చూస్తూ ఇస్తాం. తప్పకుండా నయమవుతుందని నేను చెప్పలేను. మేం వదిలిపెట్టం, అది మాత్రం చెప్పగలను."

భర్త తల్లి వంక చూశాడు. అత్తయ్యే అంది: "మొండి క్రిమి అంటున్నారు. మా కోడలి సంగతి దానికింకా తెలీదు లెండి." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ క్రిమి పక్క మంచాలకి పాకకుండా బ్రేకమ్మని విడి గదిలోకి మార్చారు. లోపలికి ఎవరొచ్చినా పై గౌను, చేతి తొడుగులు వేసుకోవాల్సిందే. బయటికొచ్చేటప్పుడు వాటిని తలుపు దగ్గరే విప్పి పారేసి, మోచేతుల దాకా కడుక్కోవాల్సిందే. అత్తయ్య రోజూ వచ్చేది. నేల మీద జీరాడే ఆ గౌను వేసుకుని, కోడలి చెవి దగ్గర కుర్చీ లాక్కుని, వీధిలో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఎదురింటివాళ్ళ కొత్త సోఫా మెట్ల మలుపులో ఇరుక్కుపోయిందనీ, అటు పైకీ పోదు ఇటు కిందకీ రాదనీ, మూడో అంతస్తువాళ్ళు సోఫా ఎక్కి దిగి తిరుగుతున్నారనీ.

"నిద్రమందు ఇచ్చాం కదమ్మా, వినబడుతుందో లేదో" అంది నర్సమ్మాయి.

"వినబడుతుంది. ఇంట్లో అయితే సగంలో లేచి పోయేది. ఇక్కడ ఎక్కడికి పోతుంది?"

ఆ రోజులు బ్రేకమ్మకి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ఒళ్ళంతా నిప్పు. గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనబడేవి. తను కారు నడుపుతోంది, పెడల్సు లేవు. ఆ గందరగోళం మధ్యలో ఒక తడి దూది చిగుళ్ళ వెంట, నాలుక మీద నెమ్మదిగా తిరిగేది. "నోరు శుభ్రం చేస్తున్నానక్కా" అనే గొంతు. పక్కకి తిప్పే చేతులు. వీపు తట్టే చేతులు. ఒళ్ళు తనది కాకుండా పోయినప్పుడు, దాన్ని ఎవరో జాగ్రత్తగా చూసుకుంటున్నారని మాత్రం ఆమెకి తెలిసేది.

మందు మొదలయ్యాక కిడ్నీలు కొంచెం తడబడ్డాయి. మోతాదు సరిచేశారు. నోట్లో పైపు ఎక్కువకాలం ఉంచడం మంచిది కాదని మెడ ముందు చిన్న రంధ్రం చేసి పైపుని అక్కడికి మార్చారు. ఆ తర్వాత ఒక ఉదయం నర్సమ్మాయి ఆమె నుదురు తాకి, థర్మామీటరు చూసి, మళ్ళీ నుదురే తాకింది. జ్వరం లేదు. మర్నాడూ రాలేదు. కఫం పలచబడింది. మంచం అంచున కూర్చోబెట్టారు. తల నిలబెట్టడమే కొండ ఎత్తినంత పనయింది. మిషను లేకుండా కాసేపు, ఇంకాసేపు, పూటంతా ఊపిరి తీసుకుంది.

మాట రావడానికి మెడ పైపుకి చిన్న మూత బిగించిన రోజు భర్త, అత్తయ్య ఇద్దరూ గదిలోనే ఉన్నారు. "ఏదైనా అనండక్కా" అంది నర్సమ్మాయి. బ్రేకమ్మ కళ్ళు తిప్పి అత్తయ్యని వెతుక్కుంది. బొంగురుగా, గాలిలాగా వచ్చింది మాట.

"అత్తయ్యా... సోఫా... ఏమైంది?"

అత్తయ్య బావురుమంది. ఏడుస్తూనే, "కాళ్ళు కోసి దింపారే తల్లీ" అని చెప్పింది. భర్త గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక దువ్వెన ఎత్తితే చెయ్యి వణికేది. స్నానానికి అత్తయ్య సాయం కావాల్సి వచ్చేది. "నిన్ను చూస్తే కొత్తగా కాపురానికొచ్చినట్టుంది, ఇంత ఒద్దిక ఎప్పుడూ లేదు" అనేది అత్తయ్య వీపు రుద్దుతూ. కిటికీ దాకా నడిచింది, తర్వాత వాకిలి దాకా, తర్వాత కొట్టు దాకా. మళ్ళీ కారెక్కేసరికి రుతువు మారిపోయింది. గొంతులో పాత గట్టితనం రాలేదు. నేర్చుకునేవాళ్ళు ఇప్పుడు చెవి రిక్కించి వింటున్నారు. వాళ్ళకి పాఠం ఇంకా బాగానే ఎక్కుతోంది.

ఒకరోజు భర్తని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. వరండాలో డాక్టరమ్మ ఎదురైంది గాని గుర్తుపట్టలేదు. పడుకుని ఉన్నప్పుడు చూసిన మొహం నిలబడితే మారిపోతుంది కదా. భర్త ఆమె పేరు చెప్పాక డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. బ్రేకమ్మకి కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది. డాక్టరమ్మ చేతులు పట్టుకుని నిలబడిపోయింది.

"లిఫ్టు బాగుచేస్తున్నారే, ఎలా వచ్చారు?"

"మెట్లెక్కి."

"అయితే ఇంకేం చెప్పక్కర్లేదు. నాకు ముట్టింది" అంది డాక్టరమ్మ.

నర్సమ్మాయి మాత్రం పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. మాటల్లో తెలిసింది, ఆ అమ్మాయికి స్టీరింగంటే గుండె దడ అని. "రోజూ మిషన్లతో ఊపిరి పోస్తావు, కారుకి భయమా?" అని బ్రేకమ్మ ఆ ఆదివారమే పాఠం మొదలుపెట్టింది. లెక్కల మాస్టారికన్నా కష్టమైన శిష్యురాలు దొరికింది. అయినా విసుగు రాలేదు. ఆ చేతులు స్టీరింగు మీద వణుకుతుంటే చూసి ఆమెకి కళ్ళు చెమర్చేవి.

ఒక సాయంత్రం రద్దీ కూడలిలో పచ్చలైటు పడింది. సరిగ్గా అప్పుడే నర్సమ్మాయికి గుర్తొచ్చింది.

"అక్కా, చెప్పడం మరిచాను! మీరున్న గదిలోనే ఒకాయన, మీకొచ్చిన న్యుమోనియాయే. ఈ పొద్దున మాట్లాడాడు!" అంటూ క్లచ్ వదిలేసింది. కారు ఎగిరి ఆగిపోయింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి.

"అయ్యో, అక్కా, ఇప్పుడెలా?"

"కొట్టుకోనీ. వాళ్ళకేం తెలుసు?" అంది బ్రేకమ్మ నవ్వుతూ, రెండువైపులా ఇండికేటర్లు వేస్తూ. "ముందు ఇది చెప్పు. ఏం మాట్లాడాడు?"