నేను క్రేను అని విన్న మాట

నాలుకను మలిచి దానికి మాట నేర్పిన దేవునికి, ఆ నాలుకతోనే తప్పు ఒప్పుకోవడానికి నాలో ఇంకా ఊపిరి మిగిల్చిన ప్రభువుకు ముందుగా నా స్తోత్రం.

మా చిన్నమ్మాయి రుషికొండ మీది కంపెనీలో పని చేస్తుంది. వాళ్ళ ఆఫీసుకు జపాను పని వచ్చిందని రెండు నెలలుగా ఫోనులో ఆ భాష నేర్చుకుంటోంది. మొన్న సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, ఇంగ్లీషు నుంచి జపానులోకి వెళ్ళిన మాటలు పైకి చదువుతూ, "అమ్మా, కురేము అంటే ఏటో సెప్పు సూద్దాం" అంది నవ్వుతూ. ఆ మాటకు అర్థం నాకు ఏనాడో తెలుసు. తెలిసిన రోజునే నోరు విప్పి ఉంటే ఇవాళ ఇది రాయవలసి వచ్చేది కాదు.

తొంభైల మొదట్లో, పెళ్ళికి ముందు, నేను హార్బరులో సరుకు దించే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర టైపిస్టుగా చేసేదాన్ని. ఆ ఉద్యోగం ఇప్పించింది మా చిన్నాన్న. ఆయన అక్కడే క్రేను నడిపేవాడు. నాన్న పోయాక మమ్మల్ని కూర్మన్నపాలెంలో తన ఇంట్లోనే ఉంచుకుని, తన పిల్లలతో సమానంగా చూసిన మనిషి. జపాను యంత్రాలు దిగుతున్నాయి, ఆ భాష వస్తే నీకు తిరుగుండదని గాజువాకలో సాయంత్రం క్లాసుకు చేర్పించింది కూడా ఆయనే. రోజూ సైకిలు మీద తీసుకువెళ్ళి, క్లాసు అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చునేవాడు.

మాస్టారు మొదట్లోనే ఒక కిటుకు చెప్పారు. జపానువాళ్ళు ఇంగ్లీషు మాట తీసుకుంటే చివర చాలాసార్లు ఒక 'ఉ' తగిలిస్తారట. మిల్కు వాళ్ళకు మిరుకు, బస్సు బసు. మనమూ అంతే కదా, రోడ్డు అంటాం, స్కూలు అంటాం. దారిలో ఆ సంగతి చెబితే చిన్నాన్న పెడలు తొక్కడం ఆపి మరీ నవ్వాడు. "అయితే మనోడూ జపానోడూ ఒకే బళ్ళో సదువు ఎగ్గొట్టీసినోళ్ళే తల్లీ!" నాకేమో సగం భాష వచ్చేసినట్టే అనిపించింది. గర్వం నాలో అక్కడే మొదలైంది.

మూడు నెలలు తిరిగేసరికి ఓడలోంచి దించిన ఒక పెద్ద పెట్టె విప్పితే లోపల యంత్రం భాగం పగిలి ఉంది. పెట్టెను దించింది చిన్నాన్నే. చూడటానికి జపాను నుంచి ఒక పెద్దాయన వచ్చారు. దుబాసీ ఆ రోజు రాలేదు, ఇంకెవరికీ ఆ భాష రాదు, మేనేజరు నన్ను పిలిచారు. ఆ పెద్దాయన పెట్టె లోపలి చెక్కలు తడిమి చూసి ఏదో చాలాసేపు చెప్పారు. అందులో నాకు అందింది ఒకే ఒక్క మాట, అదీ రెండుసార్లు. నా తెలుగు చెవి దాన్ని 'కురేను' అని విన్నది. నాకు తెలియదు అని ఉంటే సరిపోయేది. అందరూ నా మొహంలోకి చూస్తుంటే ఆ మాట రాలేదు. క్రేను వల్లే అంటున్నారు సార్, అన్నాను.

మర్నాడే చిన్నాన్నను క్రేను మీద నుంచి దించి యార్డులో గోనెలు సర్దే పనికి వేశారు. ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని అడిగాడు. "ఆ దొర సరిగ్గా ఏటన్నాడే తల్లీ? పసిపిల్లని ఉయ్యాల్లో ఏసినట్టు దించాను నాను." క్రేను అనే అన్నారు చిన్నాన్నా, అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు.

నెల తరవాత క్లాసులో మాస్టారు బోర్డు మీద రాశారు. కురేము అంటే క్లెయిము, ఫిర్యాదు. క్రేను అయితే కురేన్, దానికి చివర 'ఉ' ఉండదు. ఆ పెద్దాయన అన్న 'ము'ను 'ను' అని విన్నది నా చెవే. పెట్టెలో మెత్తలు సరిగ్గా పెట్టలేదని ఆ పెద్దాయన తమ సొంత ఫ్యాక్టరీ మీదే ఫిర్యాదు వేస్తానని చెప్పి ఉంటారు. ఎందుకంటే కొత్త భాగం వాళ్ళే పంపించారు, ఎందుకు పంపారని ఇక్కడ ఎవరూ అడగలేదు. బయటకు వస్తే అరుగు మీద చిన్నాన్న కూర్చుని ఉన్నాడు. "ఇయాల ఏటి నేర్పారు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఉద్యోగం ఖాయం అయ్యే నెల అది. సైకిలు వెనక కూర్చుని, చెమటకు తడిసిన ఆయన చొక్కా చూస్తూ ఇంటికి వచ్చాను.

బైబిల్లో యొర్దాను రేవు దగ్గర 'ష' అనమంటే 'స' అని, ఆ ఒక్క అక్షరం పలకలేక శత్రువులుగా పట్టుబడి చచ్చినవాళ్ళ సంగతి సండే స్కూల్లో విన్నప్పుడు, ఇంత చిన్న అక్షరానికా అని ఆశ్చర్యపోయేదాన్ని.

ఆ ఏడాది ఉపవాస కూడికలో చిన్నాన్న లేచి నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. "ఆ జపాను దొర తెలవక అన్నాడు పెబువా, ఆయన్ని నాను సెమించీసాను." సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను. ఆ తరవాతి ఆదివారం, తప్పు ఒప్పుకోకుండానే, ప్రభువు బల్ల దగ్గర రొట్టె కూడా తీసుకున్నాను. చిన్నాన్న మళ్ళీ క్రేను ఎక్కలేదు. నా పెళ్ళికి, పిల్లల బాప్తిస్మానికి తనే ముందు నిలబడి, పదేళ్ళ కిందట ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనుకు మాట వినిపిస్తే క్షణంలో అర్థం చెప్పేస్తుంది, తప్పు విన్నా దిద్దుతుంది. మాకు ఒక మాట అర్థం తెలియడానికి నెల పట్టేది. కానీ తెలిసిన మాటను దాచుకోవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

కూర్మన్నపాలెంలో పిన్ని ఇంకా ఉంది. ఈ ఆదివారం బల్లకు ముందే ఆమె దగ్గరకు వెళ్తాను. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో పాటు కళ్ళు మూసుకోండి. ప్రభువా, ఈసారి ఒక్క అక్షరం కూడా మార్చకుండా చెప్పే నాలుకను నాకు ఇయ్యి. ఆమేన్.