తల లేని చక్కెర నెమలి

మాది హొళగుంద. పంతొమ్మిది వందల యాభైల్లో, చక్కెర దొరకడమే కష్టమైన రోజుల్లో, నన్ను ఆదోనిలో దూది వ్యాపారం చేసే ఇంటికి ఇవ్వడానికి ఖాయం చేశారు.

మా వైపు గౌరి పున్నమికి మగపెళ్లివారు కాబోయే కోడలికి చక్కెర ఆరతులు పంపాలి. చెక్క అచ్చుల్లో పాకం పోసి చేసిన ఏనుగులు, తేర్లు, నెమళ్లు అవి. వాటిని పళ్లెంలో పెట్టుకొని ఆడపిల్లలు గౌరమ్మ దగ్గరికి పోతుంటే, ఎవరికి ఎలాంటివి వచ్చాయో ఊరంతా చూస్తుంది.

నాకు వచ్చిన నెమలికి తల లేదు.

"దోవలో ఇరిగింది అత్తా. నోట్లో ఏసుకున్నంక తలకాయ ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" అంది బొమ్మల డబ్బా తెచ్చిన నా కాబోయే ఆడబిడ్డ, మా అమ్మతో.

"ముందు ఊరి ముందర పట్టుకొని పోవల్ల గదమ్మా," అంది మా అమ్మ.

డబ్బా అంతా వెతికాను. విరిగిన తల అందులో లేదు.

"దాన్ని ఎనకాల పెట్టుకో పాపా," అంది అమ్మ. నేను ముందరే పెట్టుకొని పోయాను.

"తలకాయ మీ అత్త తినేసిందేమోలే," అని తోటి పిల్లలు నవ్వారు.

పెళ్లయ్యాక ఆ ఇంటి అటక మీద నెమలి అచ్చు చూశాను. మెడ దగ్గరే విరిగి ఉంది. అక్కడ గుడ్డ కుక్కి పాకం పోశారట. అచ్చు విరిగిందని ఆనాడే చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ తర్వాత ఏటా గౌరి పున్నమికి ఆ ఇంట్లో ఆరతులకు పాకం పోసే పని నాదే అయింది. చేతులు కాలినా, నడుము పడిపోయినా పోశాను. నెమలి అచ్చును మాత్రం అటక మీద నుంచి దించలేదు.